నెమలి, రైలు, దీపం, పడవ

ఒకే సింఫనీకి నా ఫోనులో ఇరవై రికార్డింగుల దాకా ఉన్నాయి. అన్నీ పాతవే. కొన్ని మా నాన్న పుట్టకముందువి. వాటిలో ఒక్కదాన్నయినా మొదటి నుంచి చివరి దాకా ఒకచోట కూర్చుని విన్న పాపాన పోలేదు నేను. ఒకదాంట్లో మొదలుపెడతాను, కాసేపటికే ఇదే చోటు ఇంకొకాయన ఎలా వాయింపించాడో చూద్దామని అటు దూకుతాను, అక్కడి నుంచి మూడోదానికి. కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీకి లారీలు మాట్లాడి పెట్టే పని నాది. ఒక లారీ గేటు దాటగానే రెండోది ఎక్కడ చచ్చిందని ఫోను చేయడం అలవాటైపోయి, సంగీతానికి కూడా అదే జబ్బు అంటించాను. "తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంట. నీకు రెండూ ఉండాయిరా" అంటుంది విరుదునగర్‌లో ఉండే మా అక్క.

ఆ సింఫనీ మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మా తాత అగ్గిపుల్లలకు మందు ముంచే పని చేసేవాడు. ఊరి బయట ఎవరో దొర ఉండిన బంగళా ఖాళీ చేసి సామాను అమ్ముతుంటే, అందరూ మంచాలూ బీరువాలూ కొనుక్కుంటే, ఈయన చావి తిప్పే గ్రామఫోను పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. దాంతోపాటు నాలుగు నల్లటి ప్లేట్లు. బంగళా వంటమనిషి వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి ఇచ్చి, ఇది నాలుగింటికీ కలిపి ఒకే పాట, ఈ వరసలోనే వెయ్యాలి అన్నాడట.

తాతకు ఇంగ్లీషు రాదు. ఆ మాటకొస్తే మా ఇంట్లో తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం కూడా ఎవరికీ రాదు. బడిలో తమిళం, వీధిలో తమిళం. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది మీసాలు వచ్చాక. నాలుగు ప్లేట్లూ చూడటానికి ఒకేలా ఉన్నాయి, వరస తప్పితే ఎట్లా అని తాత ఆలోచించి, తనకు తెలిసిన పని చేశాడు. తిరుత్తంగల్ ప్రెస్సు నుంచి కంపెనీకి వచ్చిన లేబుళ్లలో రంగు చెదిరి పక్కన పడేసినవి తెచ్చి, మైదా గంజితో ప్లేట్ల నడిమధ్య అంటించాడు. మొదటిదానికి నెమలి, రెండోదానికి రైలు, మూడోదానికి దీపం, నాలుగోదానికి పడవ. కంపెనీలో డజను పెట్టెల కట్టకు ఎటు తిప్పినా ఒకే బొమ్మ కనబడేలా రెండు పక్కలా ఒకటే లేబులు వేస్తారు. ప్లేటుకూ అంతే చేశాడు. ముందు వేయాల్సిన పక్క లేబులుకు మాత్రం ఒక మూల కత్తిరించాడు.

ఆ లేబుళ్ల కింద ఏముందో ఎవరూ చూడలేదు. చాలా ఏళ్లు మాకు అవసరం కూడా పడలేదు.

ఆదివారం మధ్యాహ్నం బువ్వ తిన్నాక తాత నులకమంచం మీద పడుకునేవాడు. మందు పొగ పీల్చీ పీల్చీ ఆయనకు దగ్గు, దగ్గు వల్ల నిద్ర ఉండేది కాదు. పెట్టె అక్క చేతిలో ఉండేది. చావి తిప్పడం, సూది మార్చడం, ప్లేటు తిరగెయ్యడం అన్నీ ఆమే. ఉక్కు సూదులు అయిపోయాక తుమ్మ ముల్లు కోసి బిగించేది. ముల్లుతో పాట మెత్తగా వచ్చేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. నేను గడప మీద కూర్చుని కాళ్లు ఊపుతూ ఉండేవాణ్ని.

నెమలి మొదటి పక్క పాట నెమ్మదిగా తలుపు తీసుకుని వచ్చేది. తిరగేస్తే ఒక్కసారిగా కంకర లారీ దింపినట్టు చప్పుడు, బూరాలూ డోళ్లూ అన్నీ ఒక్కటై. ఆ తర్వాత రైలు. రైలు మళ్లీ ఏమీ జరగనట్టు మొదలయ్యేది, దాని రెండో పక్క మళ్లీ ఉరుకు. దీపానిది కూడా అదే తంతు. చివరికి పడవ. పడవ రెండు పక్కలా ఒకే నడక, తగ్గు గొంతులో. దాని రెండో పక్కకు వచ్చేసరికి తాత దగ్గు ఒకటి రెండు సార్లు వచ్చి ఆగిపోయేది. వయొలిన్లు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగేవి. అక్క రెండు వేళ్లతో ముల్లు ఎత్తి, నా వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టేది. తాత పడుకున్నాడన్నమాట. అప్పుడు ఇల్లంతా మునివేళ్ల మీద నడిచేది.

మాకు తెలిసిన సింఫనీ అది. మొదట పెద్ద గొడవ, చివర నిద్ర.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మదురైలో ఒక క్యాసెట్ల అంగట్లో అదే పాట దొరికింది. ఈల వేసి చూపిస్తే అంగడాయన వెతికి తీసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి వేశాను. నెమలి మొదటి పక్క సరిగ్గానే వచ్చింది. ఆ తర్వాత కంకర లారీ రాలేదు. పాట దాని దారిన అది పోతూనే ఉంది. పడవ వచ్చింది, కానీ మధ్యలో వచ్చింది. చిట్టచివర లారీ దిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. మరుసటి వారం బస్సు చార్జీ పెట్టుకుని మదురై పోయి, క్యాసెట్టు తప్పుగా ఎక్కించారని ఆయనతో గొడవ పెట్టుకున్నాను. ఆయన పాపం ఇంకొక కంపెనీది తీసి అక్కడే వేసి వినిపించాడు. అదీ అంతే. "అందరూ తప్పేనా తంబీ?" అన్నాడు. అందరూ తప్పే అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ కోపంలోనే వచ్చి నెమలి ప్లేటు తీసి, తడిగుడ్డ పెట్టి లేబుళ్లు ఊడదీశాను, తర్వాత మిగతా మూడింటివీ. గంజి నాని, దొరల కాగితం కూడా పిండి పిండిగా కలిసి ఊడి వచ్చేసింది. వాయించింది ఎవరో, ఏ ఊరిలోనో, ఆ పేర్లన్నీ పోయాయి. మిగిలిన కాగితం ముక్కల మీద అంకెలు మాత్రం కనబడ్డాయి. నెమలి ఒక పక్క ఒకటి, రెండో పక్క ఎనిమిది. రైలుకు రెండు, ఏడు. దీపానికి మూడు, ఆరు. పడవకు నాలుగు, అయిదు.

ఎందుకలా అని చాలా రోజులకు తెలిసింది. ప్లేట్లను వాటంతట అవే కిందికి జార్చుకుని వాయించే యంత్రాలు అప్పట్లో పెద్ద ఇళ్లలో ఉండేవట. నాలుగు ప్లేట్లూ పై పక్కలు వరసగా వాయించాక, కట్టనంతా ఒక్కసారి తిరగేస్తే మిగతా నాలుగు పక్కలూ వస్తాయి. అలాంటి యంత్రానికి చేసిన ప్లేట్లు అవి. వంటమనిషి చెప్పిన వరస నిజమే. తాత మాత్రం ఒక్కొక్క ప్లేటూ అగ్గిపెట్టెల కట్టలా అటూ ఇటూ తిప్పి వాయింపించాడు.

నేను ఎగిరి గంతేసి ఇంట్లో అందరికీ చెప్పాను, చిన్నప్పటి నుంచీ మనం విన్నదంతా తలకిందులు అని. అప్పటికి తాత లేడు. అక్క చేట పక్కన పెట్టి, "తాతకే దగ్గులు నేర్పుతా ఉండావా?" అంది. అంతటితో ఆ మాట ముగిసింది ఆమె వరకు. నా వరకు అప్పుడే మొదలైంది. సరైన వరస తెలిసింది కాబట్టి, ఇక ఆ పేరు తెలియని మా ప్లేటు ఎవరిదో కనిపెట్టాలి. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి ఫోను వచ్చింది. దొరికిన పాత రికార్డింగునల్లా విన్నాను. ఒక చోట వయొలిన్లు ఒక స్వరం మీద నుంచి ఇంకో స్వరానికి జారుతాయి, మా ప్లేటులో ఆ జారుడు నాకు కంఠతా వచ్చు. కొందరు జారతారు గాని మరీ తొందరగా. కొందరు అసలు జారరు. ఇదేనేమో అనుకున్నవి మూడు ఉన్నాయి. ఒక్కో వారం ఒక్కోదాని మీద ఒట్టు వేస్తాను.

కిందటి ఏడాది అక్క చెవి సంగతి తెలిసింది. ఎడమ చెవి ఎప్పుడో మొద్దుబారింది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. కుడి చెవి కూడా పోతోందని మదురై డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్లకని అడిగితే చెప్పలేనన్నాడు. మిషను పెట్టుకుంటే మనుషుల మాట తెలుస్తుంది, సంగీతం మాత్రం రేకు డబ్బా మోగినట్టే ఉంటుందన్నాడు. ఆమె గొంతు అప్పటికే పెద్దదైపోయింది. తన మాట తనకు వినబడాలంటే అరవాలి కదా. వీధి చివర మిరపకాయల గోడౌన్‌లో మూటలు మోసేవాళ్లకు కూడా మా ఇంట్లో ఏం కూరో తెలుసని మా బావ నవ్వుతాడు.

డాక్టరు దగ్గర నుంచి వస్తూ బస్సులో అక్క అంది, బస్సంతా తిరిగి చూసేలా: "ఒరే, ఇది పూరా పోయేదానికి ముందర మన ప్లేటు ఒక్కసారి వినాలరా. మొత్తం."

గ్రామఫోను స్ప్రింగు ఎప్పుడో తెగింది. ఇల్లు మారినప్పుడు పడవ ప్లేటు ముక్కలైంది. మిగతా మూడూ ముళ్లతో గీసుకుపోయి, వేరే మిషను మీద వేసినా వానలో తడిసిన రేడియోలా బరబరమంటాయి. అయినా సరే అన్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నా పని అదే. కోవిల్‌పట్టిలో బస్సెక్కడం, సాత్తూరులో కిటికీలోంచి దోసకాయలు కొనడం, విరుదునగర్‌లో అక్క కుర్చీ పక్కన స్పీకరు పెట్టడం. మొదట ముసలాయనది తీసుకుపోయాను. నేను అలాగే పిలుస్తాను ఆ రికార్డింగును, ఎనభై దాటాక వాయింపించాడు, ప్రతి స్వరాన్నీ తడిమి తడిమి చూస్తాడు. అక్క మర్యాదగా విని, "బాగుండాది. ఐతే మనది కాదు" అంది. తర్వాత ఆఖరి బస్సు తప్పిపోతుందన్నట్టు పరుగెత్తే ఆయనది. "మంచిదే. మనది కాదు." తర్వాత నేను ఒట్టు వేసిన మూడూ ఒకదాని తర్వాత ఒకటి. ప్రతిసారీ చివర్లో లారీ దిగాక కూడా ఆమె కదిలేది కాదు. ఇంకేదో రావాలన్నట్టు స్పీకరు వైపే చూస్తూ కూర్చునేది. ఆమెకు సరిగ్గా వినబడలేదేమోనని నేను ఇంకో స్పీకరు కొన్నాను. కుర్చీ మార్చాను. కిటికీలు మూశాను. ఫ్యాను ఆపాను. మా బావ చెమటలు కక్కుతూ లేచిపోయాడు.

"చెవిటిదాని ముందర శంకం ఊదినట్లు యాలరా నీకీ బాద?" అని అక్కే నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వారం వారం ఆమె తల కొంచెం కొంచెంగా ఎక్కువ వంగుతోంది స్పీకరు మీదికి. నేను చూస్తూనే ఉన్నాను.

దగ్గు రికార్డింగు అనుకోకుండా వేశాను. యుద్ధం రోజుల్లో ఎక్కడో జనం ముందు వాయిస్తుంటే పట్టింది. నెమ్మది భాగం బాగా తగ్గిన చోట సభలో ఎవరో గట్టిగా దగ్గుతాడు, ఆపుకోబోయి మళ్లీ దగ్గుతాడు. జాబితాలో దాన్ని నేను ఎప్పుడూ అడుగునే ఉంచాను. వాయిద్యాలు దూరంగా ఉంటాయి, జారుడు కూడా మనది కాదు. ఆ దగ్గు వచ్చేసరికి అక్క చటుక్కున తలెత్తింది. ముఖమంతా నవ్వు.

"వీడు తాత మాదిరే దగ్గుతుండాడే!"

తర్వాత మిగతా రెండు భాగాలూ వచ్చాయి, ఉరికాయి, లారీ దిగింది, జనం చప్పట్లు కొట్టారు. అక్క నవ్వు పోయింది. "పడవ అయిపోయినాంక మళ్లీ ఇంత సత్తం యాలరా?" అంది. మా ఇంట్లో చప్పుడును సత్తం అనే అంటాం. "ఇది ముగిసేది ఇట్ల కాదు."

"అక్కా, నిజంగా ముగిసేది ఇట్లే. నీకు ముందే చెప్తినే, ఒకటి, రెండు, మూడు..."

"రాసినోడు ఎట్ల ముగిస్తే నాకేమి? నేను ఎట్ల ముగించినానో నాకు తెలియదా?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గాని నాకు అర్థం కాలేదు. ఇన్ని నెలలు ఆమె అడిగింది ఒకటి, నేను మోసుకుపోయింది ఇంకొకటి. ఎవరు వాయింపించారన్నది ఆమెకు ఎప్పుడూ పట్టలేదు. కానీ తెలిసీ తెలిసీ ఒక మహానుభావుడు కట్టిన పాటను ముక్కలు కోసి, తోకను తల పక్కన అతికించాలా? ముప్పై ఏళ్లుగా సరైన వరస నాకొక్కడికే తెలుసని మీసం తిప్పినవాణ్ని. కంపెనీలో తెలిస్తే నవ్వుతారు అనుకున్నాను. తర్వాత, కంపెనీలో ఎవడికి తెలుసు సింఫనీ అంటే, అనుకున్నాను. కోవిల్‌పట్టి స్టాండులో దిగి, స్టాండు చుట్టూ రెండుసార్లు తిరిగి ఇంటికి పోయాను.

ఆ వారం రోజులు పని దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మధ్యాహ్నం భోజనం వేళ లారీ షెడ్డులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోనులో దగ్గు రికార్డింగును కోయడం మొదలుపెట్టాను. ఏ పక్క ఎక్కడ ఆగేదో మూడు ప్లేట్లకు తేలిగ్గానే దొరికింది. పడవ మొదటి పక్క ఎక్కడ ఆగేది? ప్లేటు లేదు. కళ్లు మూసుకుని గడప మీద కూర్చున్నట్టు ఊహించుకున్నాను. ఊపే కాలు ఎక్కడ ఆపేవాణ్నో అక్కడే కోశాను. అక్క చావి తిప్పేంతసేపు, ముల్లు మార్చేంతసేపు ప్రతి ముక్కకూ నడుమ ఖాళీ వదిలాను. చప్పట్లు తీసేశాను. దగ్గు ముట్టుకోలేదు.

శనివారం బావ ఫోను చేశాడు. రెండు రోజులుగా అక్కకు ఏమీ తెలియడం లేదు, కుక్కరు విజిల్ కూడా వినబడలేదు, రేపు రావద్దు, చూస్తే నువ్వే బాధపడతావు అన్నాడు. నాకు భయం వేసింది. వారం ముందే కోసి ఉండకూడదా, ఆ రోజు బస్సులోనే కూర్చుని కోసి ఉండకూడదా అని నన్ను నేను తిట్టుకున్నాను. తెల్లవారగానే మొదటి బస్సెక్కాను. సాత్తూరులో దోసకాయలమ్మాయి కిటికీ తట్టినా తల తిప్పలేదు.

అక్క నన్ను చూసి చెవి చూపించి చెయ్యి అటూ ఇటూ ఊపింది. ఉందో లేదో అన్నట్టు. నేను అటక మీద నుంచి గ్రామఫోను పెట్టె దించాను. స్ప్రింగు లేకపోయినా చెక్క గట్టిదే. మూత తీసి, ప్లేటు తిరిగే చోట స్పీకరు బోర్లించాను. అక్క చేతులు రెండూ పెట్టెకు అటూ ఇటూ ఆనించి, కుడి చెవి చెక్కకు తాకేలా వంగింది. నేను మొదలుపెట్టాను.

నెమలి. తలుపు తీసుకుని వచ్చింది. ఆగింది. ఖాళీ. అక్క చెయ్యి పెట్టె పక్కన, చావి ఉండే చోట, చిన్నగా తిరిగింది. లారీ దిగింది. అక్క కళ్లు మూసుకుని నవ్వింది. రైలు, దీపం. నేను కుర్చీలోంచి లేవలేదు. ఫోను జేబులో రెండుసార్లు వణికింది, ఏ లారీ ఎక్కడ ఆగిందో, తీయలేదు. తాత వరసలో ఆ పాట విని నాకు ముప్పై ఏళ్లు దాటింది. అది తప్పని నాకు తెలుసు. తప్పుగా ఉన్నట్టు ఒక్క చోట కూడా అనిపించలేదు.

పడవ వచ్చింది. మొదటి పక్క ఆగిన చోట అక్క తల ఊపింది, సరిగ్గానే కోశావన్నట్టు. రెండో పక్క. వయొలిన్లు తగ్గాయి. ఏ దేశంవాడో, ఎప్పుడో పోయినవాడు, దగ్గాడు. ఆపుకోబోయి మళ్లీ దగ్గాడు. చెక్కలోంచి ఆమె చేతికి తెలిసిందో, చెవికే తెలిసిందో నేను అడగలేదు. వయొలిన్లు సన్నగిల్లాయి. ఆఖరి స్వరం ఇంకా పూర్తిగా పోకముందే అక్క చెయ్యి లేచింది. రెండు వేళ్లతో గాల్లోంచి ముల్లు ఎత్తి పక్కన పెట్టింది.

అప్పుడే బావ టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చాడు. గ్లాసులు గలగలమన్నాయి. అక్క ఆయన వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టింది.

"సత్తం చెయ్యవద్దు," అంది. "తాత పండుకొన్నాడు."

ఏడాదిగా వీధి చివరి దాకా వినబడేలా అరుస్తున్న మనిషి ఆ మాట గుసగుసగా అంది. బావ గడప దగ్గరే నిలబడిపోయాడు. టీ చల్లారిపోయేదాకా ముగ్గురం కదలలేదు.